అప్‌డేట్: చప్పుడు చేయని నాస్ ఏది అని అడిగాను కదా, కొనేశాను

పడగ్గదిలో పెట్టుకోగలిగేంత నిశ్శబ్దంగా ఉండాలి, తర్వాత డిస్కులు పెంచుకునే వీలుండాలి, ఏ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల డబ్బా) కొనాలి అని నెల కిందట అడిగాను. రెండు డిస్కులది చాలనుకున్నాను, మీలో చాలామంది వద్దన్నారు. చివరికి నాలుగు పట్టే సైనాలజీ డీఎస్423+ తీసుకున్నాను. ప్రస్తుతానికి 4 టీబీ డిస్కులు రెండే వేశాను. ఎస్‌హెచ్‌ఆర్‌లో (డిస్కుల్ని కలిపి వాడే సైనాలజీ సొంత పద్ధతి) ఒకదానికి ఇంకోటి నకలు కాబట్టి వాడుకోడానికి 4 టీబీయే మిగులుతుంది. అలాంటిదే మూడోది వేస్తే 8 అవుతుంది, ఉన్న డేటా చెరపక్కర్లేదు.

ఇక చప్పుడు. మొదటి రాత్రి గుయ్‌మని ఒకటే రొద! ఫ్యాన్ అనుకుని సెట్టింగులన్నీ కెలికాను. తీరా చూస్తే తప్పు మా చెక్క అలమారది. డిస్కులు తిరిగే అదురుకి పలక కూడా మోగుతోంది. పాత యోగా మ్యాట్ ముక్క కోసి కింద పెట్టాను, రొద పోయింది. ఫైళ్లు రాసేటప్పుడు టకటక మాత్రం ఉంది. అది డిస్కులది, డబ్బా మార్చినా పోదు. అందుకే ఫోటోల బ్యాకప్ పగటిపూటకి మార్చేశాను.

కరెంటు పోతే ఎలా అని టెన్షన్ ఉండేది. యూపీఎస్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపాక, కరెంటు పోతే కాసేపటికి నాస్ తనంతట తానే సరిగ్గా ఆగిపోతోంది.

ఒక డిస్కు పోయినా డేటా పోకుండా ఇలా డిస్కుల్ని కలిపి వాడటాన్నే రెయిడ్ అంటారు. ‘రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు’ అని తిట్టినాయనకి ప్రత్యేకంగా థ్యాంక్స్. అమ్మావాళ్లింట్లో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టాను, పండక్కి వెళ్లినప్పుడల్లా కాపీ చేస్తాను.