‘వేర్ ఈగిల్స్ డేర్’ చిత్రం ఘనత ఎవరికి చెందాలి?

పాతరీలు:
అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా వచ్చిన గూఢచారి చిత్రాలలో ‘వేర్ ఈగిల్స్ డేర్’ (1968)కు ఉన్న పేరు నేను కొత్తగా చెప్పనవసరం లేదు. ఆల్ప్స్ పర్వతాలలోని ఒక జర్మన్ కోటలో బందీగా ఉన్న అమెరికన్ జనరల్‌ను విడిపించడానికి, జర్మన్ సైనికుల దుస్తులు తొడుక్కున్న ఒక చిన్న దళం పారాషూట్లతో మంచులోకి దిగుతుంది. దిగీ దిగగానే వారిలో ఒకరి ప్రాణం పోతుంది. అక్కడి నుంచి ఎవరు మనవాడో, ఎవరు పగవాడో తేలకుండానే కథ పరుగెడుతుంది.

నా సందేహం దీని వెనుక ఉన్నవారి గురించి. దర్శకుడు బ్రయన్ జి. హట్టన్ పేరు ఆ కాలపు మేటి దర్శకుల సరసన ఎక్కడా కనబడదు. రిచర్డ్ బర్టన్ షేక్‌స్పియర్ నాటకాలలో గొంతు సానబట్టుకున్న నటుడైతే, క్లింట్ ఈస్ట్‌వుడ్ ఇటలీవారు తీసిన కౌబాయ్ చిత్రాలతో అప్పుడప్పుడే పైకి వచ్చిన తార. ఇద్దరికీ ఏ పొంతనా లేదు. అయినప్పటికీ రెండున్నర గంటలు దాటిన ఈ సినిమా ఎక్కడా సడలదు. ఆ పట్టు ఎవరి చేతిలో ఉన్నదో తెలిసినవారు వివరించగలరా?

మంచుకోట:
పాతరీలు గారూ, మంచి ప్రశ్న అడిగారు. నా మట్టుకు మొదటి పేరు యకీమా కనట్‌ది. ఈయన ఈ చిత్రంలో సాహస దృశ్యాలు తీసిన రెండవ యూనిట్‌కు దర్శకుడు. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’లో గుర్రాల మధ్య చేసిన విన్యాసాలతో పేరు తెచ్చుకుని, 1959లో ‘బెన్‌హర్’ రథాల పందేన్ని తీర్చిదిద్ది, 1967లో గౌరవ ఆస్కార్ అందుకున్న తరువాత ఈ సినిమాకు వచ్చారు. అంటే సాహస దృశ్యాల పని కొత్తవారి చేతికి కాక, ఆ విద్యలో తలపండినవారి చేతికి వెళ్లింది.

కేబుల్ కారు పైకప్పు మీద జరిగే పోరాటాన్నే తీసుకోండి. మంచు పేరుకున్న కప్పు మీద నిలదొక్కుకుంటూ, మంచుగొడ్డలి ఊపుతూ, ఎదురుగా వస్తున్న మరో కారు మీదికి దూకే మనిషి బర్టన్ కాదు, ఆయనకు డూపుగా చేసిన ఆల్ఫ్ జాయింట్. ముఖం దగ్గరగా కనిపించే ముక్కలన్నీ ఇంగ్లండులోని బోర్హామ్‌వుడ్‌లో ఉన్న ఎం.జి.ఎం. స్టూడియోలో తీసినవి. కేబుల్ కారు ఆస్ట్రియాలో ఎబెన్సే దగ్గరి ఫోయర్‌కోగెల్ పర్వతానిది. కోట మాత్రం సాల్జ్‌బర్గ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న హోహెన్‌వెర్ఫెన్, 11వ శతాబ్దంలో కట్టినది. ఎక్కడెక్కడి ముక్కలనో కలిపి, ఒకే కొండ మీద ఒకే కోట, దానికి ఒకే దారి అని మనల్ని నమ్మించారు. ఇబ్బెట్సన్ ఛాయాగ్రహణం, జింప్సన్ కూర్పు రెండూ గట్టిగా ఉండబట్టే ఆ అతుకులు కంటికి ఆనవు. (స్టూడియో ముక్కలలో వెనుక తెర మీది కొండలు కాస్త పట్టిస్తాయి, అది ఒప్పుకోవలసిందే.)

డూపుల పని ఎంత ఎక్కువంటే, సినిమా పేరులో గద్దలను తీసేసి డూపులను పెట్టాలని ఈస్ట్‌వుడ్ పరిహాసమాడినట్లు ప్రసిద్ధి.

చదువరి:
మంచుకోట గారి మాట కాదనను గానీ, అసలు పునాది అలిస్టర్ మెక్లీన్ రచన అని నా అభిప్రాయం. యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, ఆ తరువాత కొంతకాలం బడిపంతులుగా ఉండి, నవలలతో లక్షలాది పాఠకులను సంపాదించుకున్న రచయిత ఆయన. ‘ది గన్స్ ఆఫ్ నావరోన్’ కూడా ఆయనదే. సాహస చిత్రంలో నటించాలని బర్టన్ కోరగా, నిర్మాత ఎలియట్ కాస్ట్నర్ మెక్లీన్‌ను ఆశ్రయించారు. అప్పటికే ఉన్న నవలల హక్కులు చేజారిపోయి ఉండడంతో, నేరుగా తెర కోసమే కొత్త కథ రాయమని ఒప్పించారు. మెక్లీన్ స్క్రీన్‌ప్లే రాయడం అదే మొదలు. దానితో పాటే రాసిన నవల 1967లో, అంటే సినిమాకు ముందే అచ్చయింది. పేరు షేక్‌స్పియర్ ‘రిచర్డ్ ది థర్డ్’ నాటకంలోని ఒక పంక్తి నుంచి వచ్చింది.

కోటలోని విశాలమైన హాలులో జరిగే విచారణ దృశ్యాన్ని మరొకసారి చూడండి. నెగడు పక్కన జర్మన్ అధికారులు తీరిగ్గా కూర్చొని ఉంటారు. బర్టన్ వచ్చి నిదానంగా మాట్లాడుతూ, తన పక్కవాడి మీదకే తుపాకీ తిప్పి, ముగ్గురు బందీల చేతికి పుస్తకాలిచ్చి పేర్లు రాయమంటాడు. అక్కడ పేలుడు లేదు, పరుగు లేదు. కాగితం మీద రాసే పేర్లు, తన జేబులోని చిన్న పుస్తకంలో ఉన్న పేర్లతో సరిపోలాలని ఆయన అంటాడు. ఆ జేబు పుస్తకంలో ఏముందో ఇంకా చూడనివారి కోసం ఇక్కడ రాయను. కథ ఆ కొద్ది నిమిషాలలో ఎన్ని మలుపులు తిరుగుతుందో లెక్కపెట్టడం కష్టం. అయినా ప్రేక్షకుడు దారి తప్పడంటే, బర్టన్ గొంతుకు ఎంత విలువ ఉన్నదో తెలుస్తుంది. సుదీర్ఘమైన వివరణ మాటలు తనకు నప్పవని ఈస్ట్‌వుడ్ తన సంభాషణలు తగ్గించమన్నారట. ఆ నిర్ణయం ఇద్దరికీ మేలు చేసింది: ఒకరు మాట్లాడతారు, మరొకరు కాలుస్తారు.

పాతరీలు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ హాలులోని జర్మన్ అధికారులుగా వేసినవారి గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. వారి నటనలో అతి కనిపించదు. అదేవిధంగా ఇద్దరు మహిళా గూఢచారుల పాత్రలు అలంకారప్రాయంగా మిగలకపోవడం ఆ రోజుల్లో అరుదు కదా.

తెరవెనుక:
ఈ చిత్రంలో నన్ను ఎక్కువగా కదిలించే విషయం అదే. కర్నల్ క్రామర్‌గా నటించిన ఆంటన్ డిఫ్రింగ్ జర్మనీలోని కోబ్లెంజ్‌లో పుట్టినవాడు. బ్రిటిష్ సినిమాలలో నాజీ అధికారి పాత్ర అనగానే ఏళ్ల తరబడి ఆయన పేరే ముందుకు వచ్చేది. జనరల్ రోజ్‌మేయర్‌గా వేసిన ఫెర్డీ మేన్ జర్మన్ యూదుల బిడ్డ. నాజీల బారిన పడకుండా కుటుంబం ఆయనను చిన్న వయసులోనే ఇంగ్లండుకు పంపింది. ఇక హైడీగా నటించిన ఇంగ్రిడ్ పిట్ వార్సాలో పుట్టి, బాల్యంలో తల్లితో పాటు స్టుట్‌హోఫ్ నిర్బంధ శిబిరంలో గడిపి బయటపడిన మనిషి. జర్మన్ సైనికుల మధ్య నవ్వుతూ బీరు అందించే పరిచారిక వేషంలో ఆమెను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే, ఆ నవ్వు వేరుగా కనిపిస్తుంది.

మేరీ ఎల్లిసన్‌గా చేసిన మేరీ యూర్ స్కాట్లండుకు చెందిన రంగస్థల నటి. 1960 నాటి ‘సన్స్ అండ్ లవర్స్’కు ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. ఈ సినిమాలో తుపాకీ పట్టి, మగవారితో సమానంగా పోరాడతారు. 1975లో, 42 ఏళ్లకే మరణించారు. లండన్‌లో కూర్చొని దళాన్ని పంపే అడ్మిరల్ రోలండ్ పాత్రధారి మైకేల్ హోర్డర్న్ యుద్ధకాలంలో నిజంగానే నౌకాదళ అధికారి. నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టపోకు చెందిన మేజర్ ఫాన్ హాపెన్‌గా వేసిన డెరెన్ నెస్బిట్ మాత్రం లండన్ మనిషి. అయితే అందరిలోకీ ఎక్కువగా ఒళ్లు జలదరింపజేసేది కూడా ఆయనే.

శ్రుతిపెట్టె:
రాన్ గుడ్విన్ సంగీతాన్ని ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించకపోవడం అన్యాయం. ఆరంభంలో మంచుకొండల మీదుగా తెల్లరంగు పూసిన యుంకర్స్ 52 విమానం వస్తుండగా, ముందుగా డోలు దరువు ఒక్కటే వినిపిస్తుంది. ఆ తరువాత ఇత్తడి వాద్యాలు ఒకదాని వెంట మరొకటి అదే స్వరాన్ని అందుకుంటూ పోతాయి. కథలో ఒకరి వెనుక ఒకరు దాక్కొన్న తీరు ఆ స్వరరచనలోనే వినబడుతుంది. ఆ విమానం కూడా అట్టబొమ్మ కాదు. స్విస్ వైమానిక దళం అప్పటికీ నడుపుతున్న నిజమైన యుంకర్స్.

మంచుకోట:
అందరూ మంచి సంగతులు చెప్పారు గానీ, హట్టన్‌ను పూర్తిగా పక్కనపెట్టడం నాకు సమ్మతం కాదు. కనట్ వంటి ఉద్ధండుడు, మెక్లీన్ వంటి రచయిత, బర్టన్ వంటి తార ఉన్నచోట ఎవరి పనికీ అడ్డురాకుండా, ఏ ఒక్కరినీ మితిమీరనివ్వకుండా నడిపించడం తక్కువ పని కాదు. అనుమానం ఉన్నవారు, ఆయనే మళ్లీ ఈస్ట్‌వుడ్‌తో యుగోస్లావియాలో తీసిన ‘కెల్లీస్ హీరోస్’ (1970) చూడవచ్చు. యుద్ధం అదే, తార అదే, ధోరణి మాత్రం హాస్యం. గుడ్విన్ సంగీతం కోసమైతే ‘633 స్క్వాడ్రన్’ (1964) ముందుగా వినండి.