పిల్లల బొమ్మల పుస్తకాలు గీసినవాళ్ల గురించి ఎక్కువమందికి తెలియని సంగతులు కావాలి

అక్షరాలబండి:
గ్రంథాలయంలో 8–12 ఏళ్ల పిల్లల కోసం ఒక గోడ ప్రదర్శన తయారవుతోంది. పిల్లల పుస్తకాల రచయితలు, చిత్రకారుల మీద పది పన్నెండు అట్టలు ఉంటాయి. నెట్‌లో దొరికే "మీకు తెలుసా" జాబితాల నిండా పుట్టినరోజులు, అవార్డులు, పెంపుడు పిల్లులే. మాకు కావలసినవి అవి కావు. ఆ బొమ్మ అలాగే ఎందుకు వచ్చింది, ఏ సరుకుతో చేశారు, అచ్చులో ఏం అడ్డొచ్చింది, ఇలాంటివి చెప్పండి. ముఖ్యంగా మూడు సందేహాలు. బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలే ఎందుకు ఉంటాయి? ఎరిక్ కార్ల్ పద్ధతి పిల్లలతో చేయించవచ్చా? బియాట్రిక్స్ పాటర్ పుట్టగొడుగుల మీద పరిశోధన చేసిందంటారు, అందులో నిజమెంత?

మడతకాగితం:
ముందు 32 సంగతి. పుస్తకం ఒక్కో పేజీగా అచ్చవదు. పెద్ద షీటుకి ఒకవైపు 16, రెండోవైపు 16 పేజీలు వేసి, మడిచి, కుట్టి, అంచులు కోస్తారు. మడత పెట్టిన ప్రతిసారీ పేజీలు రెట్టింపవుతాయి కాబట్టి 8, 16, 32 అని వస్తాయి. కథ 34 పేజీలైతే ఆ రెండు పేజీల కోసం ఇంకో షీటు ముక్క ఎక్కించాలి, ఖర్చు పెరుగుతుంది. 32లో పేరు పేజీ, కాపీరైట్, అంకితం పోగా కథకి 12 నుంచి 14 జంట పేజీలు మిగులుతాయి. అట్టకి అంటించే లోపలి కాగితాలు కూడా అదే షీటులోంచి తీస్తే ఇంకా తగ్గుతాయి.

పిల్లలకి చూపించడం తేలిక. ఒక కాగితాన్ని మూడుసార్లు మడవండి. విప్పకుండా మూలలు ఎత్తి 1 నుంచి 16 వరకు నంబర్లు వేయించండి. తర్వాత విప్పితే 1 పక్కన 16 ఉంటుంది, సగం నంబర్లు తలకిందులుగా ఉంటాయి. అచ్చు యంత్రం చూసే పుస్తకం అది.

ఈ లెక్క వల్ల బొమ్మలు పోయిన ఉదాహరణ కూడా ఉంది. పాటర్ గీసిన 'పీటర్ ర్యాబిట్'లో నాలుగు బొమ్మలను 1903లో తీసేశారు. రంగుల లోపలి కాగితాలు చేర్చడానికి చోటు కావలసివచ్చింది. శ్రీమతి మెక్‌గ్రెగర్ కుందేలు మాంసంతో చేసిన 'పై' అనే వంటకం వడ్డించే బొమ్మ అలా పోయినవాటిలో ఒకటి.

ఇంకొకటి, పేజీ వైశాల్యాన్నే కథగా వాడిన మారిస్ సెండాక్. 1963లో వచ్చిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లని అంచు పెద్దది. కథలోని పిల్లాడు మాక్స్ ఊహ పెరిగేకొద్దీ అంచు తగ్గుతూ పోతుంది. నడిమధ్యన మూడు జంట పేజీల్లో ఒక్క మాట కూడా ఉండదు, అంతా బొమ్మే. చివరి పేజీలో బొమ్మ లేదు, కొన్ని మాటలే. పుస్తకం తెచ్చి ప్రతి పేజీలో తెల్లని అంచును స్కేలుతో కొలిపించండి. ఆ కొలతలు వరసగా రాస్తే అట్ట దానంతటదే తయారవుతుంది. మొదట అందులో ఉండాల్సినవి వింత జంతువులు కావు, అడవి గుర్రాలు. గుర్రాలు తను అనుకున్నట్టు గీయడం రాక సెండాక్ వాటిని మార్చాడు.

తడికుంచె:
కార్ల్ గురించి. ఆయన పుస్తకం 'ద వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్' ఆలోచన మొదలైంది చిల్లుల మిషన్‌తో. కాగితాల దొంతరకి చిల్లులు పొడుస్తుంటే పుస్తకాల పురుగు గుర్తొచ్చి, విల్లీ అనే పురుగు కథ రాశాడు. గొంగళిపురుగు అయితే బాగుంటుందన్నది ఆయన ఎడిటర్ ఆన్ బెనెడ్యూస్. గొంగళి అనగానే చివర సీతాకోకచిలుక దొరికింది. అయితే చిల్లులు, వెడల్పు పెరుగుతూ పోయే పేజీలు కావాలంటే డై కటింగ్ (కావలసిన ఆకారంలో కాగితాన్ని యంత్రంతో కోయడం) చేయాలి. అమెరికాలో ఆ ఖర్చుకి చేసే ప్రెస్ దొరక్క 1969లో జపాన్‌లో అచ్చు వేయించారు.

పద్ధతి ఇది. తెల్లని టిష్యూ పేపర్ మీద వెడల్పాటి కుంచెతో యాక్రిలిక్ రంగు పూయాలి. ఆరకముందే స్పాంజి, కార్పెట్ ముక్క, వేళ్లతో గీతలు, చుక్కలు తేవాలి. ఆరాక రంగులవారీగా సొరుగుల్లో పెట్టుకునేవాడు కార్ల్. తర్వాత బొమ్మని భాగాలుగా విడగొట్టి, కాగితాలు కోసి, వాల్‌పేపర్ జిగురుతో అట్టమీద అంటించేవాడు. కళ్లు, మీసాల్లాంటి చిన్న వివరాలు క్రేయాన్‌తో వేసేవాడు. తొలిరోజుల్లో బజారులో దొరికే రంగు టిష్యూ వాడేవాడు. అది వెలిసిపోతుంది, అందుకే సొంతంగా రంగు వేసుకోవడం మొదలుపెట్టాడు. మీ ప్రదర్శనలో కూడా రంగు టిష్యూ కొని వాడొద్దు.

పిల్లలతో చేయిస్తే తప్పు జరిగే చోట్లు మూడు. రంగులో నీళ్లు ఎక్కువైతే టిష్యూ గుజ్జవుతుంది, కుంచె రంగు మాత్రమే పీల్చుకుని ఉండాలి, కారకూడదు. టిష్యూ కింద ప్లాస్టిక్ షీటు తప్పనిసరి, న్యూస్‌పేపర్ మీద వేస్తే అంటుకుపోతుంది. పూర్తిగా ఆరేదాకా ఎత్తకూడదు. తడి టిష్యూని ఎత్తబోతే నడిమికి చిరుగుతుంది. అందుకే రంగు వేయడం ఒకరోజు, కోసి అంటించడం మరోరోజు పెట్టండి. ఒకే పూటలో కుదించాలనుకుంటే పని చెడుతుంది.

పిల్లలు మరీ చిన్నవాళ్లైతే లియో లియోనీ దారి పట్టండి. ఆయన 1959 పుస్తకం 'లిటిల్ బ్లూ అండ్ లిటిల్ యెల్లో' రైలు ప్రయాణంలో పుట్టింది. అల్లరి చేస్తున్న మనవలని కూర్చోబెట్టడానికి పత్రిక కాగితాలు గుండ్రంగా చింపి, ఆ రంగు ముక్కలతో కథ చెప్పాడు. కత్తెర కూడా అక్కర్లేదు. పలచటి సెల్లోఫేన్ ముక్కలు నీలం, పసుపు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెడితే ఆకుపచ్చ కనిపిస్తుంది, కథ మొత్తం ఆ ఆకుపచ్చలోనే ఉంది.

ఎజ్రా జాక్ కీట్స్‌ని వదలొద్దు. 'ద స్నోయీ డే' (1962) లో కొలాజ్ (ముక్కలు అంటించి చేసే బొమ్మ) ఒకటి రెండు పేజీలకే అనుకున్నాడు, చేస్తూ చేస్తూ పుస్తకమంతా అదే అయింది. మంచుపువ్వులు మెత్తని రబ్బర్‌తో కోసిన ముద్రలు, రంగులో ముంచి ఒత్తాడు. బూడిదరంగు నేపథ్యం టూత్‌బ్రష్‌తో చిమ్మిన ఇండియన్ ఇంకు. కథలోని అమ్మ గౌను అలమారా అరల్లో పరిచే ఆయిల్‌క్లాత్. కథలోని పిల్లాడి ముఖానికి ఆధారం 1940 మే నాటి 'లైఫ్' పత్రికలో వచ్చిన ఒక నల్లజాతి పిల్లాడి ఫొటోలు. కీట్స్ వాటిని కత్తిరించి ఇరవై ఏళ్లకు పైగా తన దగ్గరే ఉంచుకున్నాడు. నా లెక్కలో ఈ జాబితాలో అన్నిటికన్నా గొప్ప సంగతి ఇదే, దానికి పెద్ద అట్ట ఇవ్వండి.

పాతఅచ్చు:
పాటర్ ప్రశ్నకి. పుట్టగొడుగుల మీద ఆమె పని నిజం. వాటి సిద్ధబీజాలు (స్పోర్లు) మొలకెత్తడం మీద రాసిన వ్యాసం 1897 ఏప్రిల్‌లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం లిన్నియన్ సొసైటీ ముందుకు వెళ్లింది. ఆ సమావేశాల్లోకి అప్పట్లో ఆడవాళ్లకి ప్రవేశం లేదు, లండన్‌లోని క్యూ వృక్షోద్యానానికి చెందిన జార్జ్ మాసీ దాన్ని సమర్పించాడు. తర్వాత ఆమె వెనక్కి తీసుకుంది, ఆ వ్యాసం ఇప్పుడు దొరకదు. కానీ ఆమె వేసిన పుట్టగొడుగుల బొమ్మలు వందల సంఖ్యలో యాంబుల్‌సైడ్‌లోని ఆర్మిట్ మ్యూజియంలో ఉన్నాయి. లైకెన్‌లు శిలీంధ్రం, ఆల్గే కలిసి బతికే రూపమని కనుక్కున్నది పాటరే అని చాలా చోట్ల రాస్తున్నారు. అది తప్పు, వృక్షశాస్త్రవేత్త ష్వెండెనర్ 1860ల్లోనే చెప్పాడు. అట్టమీద ఆ వాక్యం పెట్టకండి.

పీటర్ కథ 1893 సెప్టెంబర్ 4న జబ్బుపడిన నోయెల్ మూర్ అనే పిల్లాడికి రాసిన ఉత్తరం. ప్రచురణకర్తలు కాదంటే 1901 డిసెంబర్‌లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించింది. లోపల నలుపు తెలుపు గీతలు, పేరు పేజీకి ఎదుటి బొమ్మ ఒక్కటే రంగుల్లో. ప్రచురణ సంస్థ వార్న్ రంగు బొమ్మలు కావాలంది, 1902 అక్టోబర్‌లో అలాగే వచ్చింది. అయితే అమెరికాలో కాపీరైట్ నమోదు కాలేదు, దొంగ ముద్రణలు వచ్చిపడ్డాయి. పాటర్ 1903లోనే ఆడుకునే పీటర్ బొమ్మకి పేటెంట్ తీసుకుంది.

అచ్చు విషయంలో చిత్రకారుడి పట్టుదలకి జాన్ టెనియల్‌ని మించినవాడు లేడు. 1865లో 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' మొదటి 2,000 ప్రతుల అచ్చు తన బొమ్మలకి న్యాయం చేయలేదన్నాడు. రచయిత లూయిస్ కారల్ వాటిని ఆపేసి మళ్లీ అచ్చు వేయించాడు. ఆపేసిన షీట్లని అమెరికా ప్రచురణకర్తకి అమ్మారు. అందులోని 42 బొమ్మలు చెక్కమీద చెక్కినవి. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి చెక్కమీద అద్దంలో చూసినట్టు తిప్పి ఉండాలి. చెక్కింది డాల్‌జియెల్ సోదరులు. అచ్చు మాత్రం ఆ దిమ్మలతో కాదు, వాటినుంచి తీసిన లోహపు నకళ్లతో. అందుకే అసలు దిమ్మలు అరగలేదు. 1985లో లండన్‌లో ఒక బ్యాంకు ఖజానాలో బయటపడ్డాయి.

అక్షరాలబండి:
చాలా ఉపయోగపడింది. రెండు చిన్న సందేహాలు. అంటించాక అట్ట వంగిపోతే? డాక్టర్ స్యూస్ 50 మాటల పందెం నిజమేనా?

తడికుంచె:
జిగురు తడికి ముందువైపు సాగి, ఆరాక బిగుసుకుంటుంది, అందుకే అట్ట వంగుతుంది. వెనకవైపు కూడా అదే జిగురుతో మామూలు కాగితం అంటిస్తే రెండువైపులా లాగుడు సమానమవుతుంది. పైన ప్లాస్టిక్ వేసి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. ఫెవికాల్ అయితే నీళ్లు సమపాళ్లలో కలపండి, చిక్కగా వాడితే టిష్యూ ముడతలు పడుతుంది.

మడతకాగితం:
పందెం నిజమే. 50 వేర్వేరు మాటలతోనే పుస్తకం రాయగలడా అని ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్‌తో 50 డాలర్లకి కాశాడు, 1960లో 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' వచ్చింది. 50 మాటల్లో 49 ఒకే అక్షరోచ్చారణవి, 'ఎనీవేర్' ఒక్కటే పెద్దది. 1957 'క్యాట్ ఇన్ ద హ్యాట్'లో వేర్వేరు మాటలు 236. ఈ రెండు అంకెలని కలిపేసి రాసినవి తిరుగుతుంటాయి, అట్టమీద వేరువేరుగా పెట్టండి. పిల్లలకి పని ఇవ్వాలంటే తెలుగులో 50 మాటలే వాడి కథ రాయమనండి, విభక్తి మారితే కొత్త మాట కింద లెక్కించాలా వద్దా అనేది ముందే తేల్చి చెప్పండి. లేకపోతే లెక్క దగ్గరే తగువులు వస్తాయి.