ఎనిమిది లక్షలకు కొత్త చిన్న కారా, నాలుగేళ్లు తిరిగిన పెద్ద కారా?

బాచుపల్లి నాన్న:
అందరికీ నమస్కారం. పది రోజులుగా మా ఇంట్లో ఇదే చర్చ, ఎటూ తేలడం లేదు. నేను గచ్చిబౌలిలో ఆఫీసుకి కంపెనీ బస్సులో వెళ్తాను, రోజూ కారు తీసే పని లేదు. కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. నెలకి రెండుసార్లు ఆసుపత్రి. మొన్న వానలో గంటసేపు నిలబడితే మూడు క్యాబులు క్యాన్సిల్ అయ్యాయి. అమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడింది, పాప నా ఆఫీసు బ్యాగు నెత్తిన పెట్టుకుంది. సంక్రాంతికి ఊరికి సొంత కారులోనే వెళ్లాలని ఆ రోజే అనుకున్నాను.

చేతిలో నాలుగు లక్షలున్నాయి, ఇంకో నాలుగు లోన్ తీసుకోవాలి. మా మామగారు కొత్తదే కొనమంటున్నారు, ఎవరో వాడి వదిలేసింది మనకెందుకు అని ఆయన మాట. ఆఫీసులో స్నేహితుడేమో 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ చూపించాడు. మీటరు మీద 41 వేల కిలోమీటర్లు, 7.6 లక్షలు చెబుతున్నారు. ఇంచుమించు అదే డబ్బుకి కొత్త చిన్న కారు ఆన్‌రోడ్, అంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి వచ్చేస్తుంది. ఆసుపత్రి, నెలకోసారి సూర్యాపేట, అన్నీ కలిపి నెలకి 500 కిలోమీటర్లు తిరుగుతాం. మీరైతే ఏం చేస్తారు?

సైనిక్‌పురి వాసి:
తమ్ముడూ, నెలకి 500 అంటే ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు. దానికి కొత్త కారెందుకు? షోరూమ్ ధర 6.4 లక్షలనుకో, మన తెలంగాణలో కొన్నప్పుడే ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ 14 శాతం. అంటే 89,600 రూపాయలు. ఆ డబ్బుతో కారులో ఒక్క బోల్టు కూడా అదనంగా రాదు. ఇదే రాష్ట్రంలో రిజిస్టర్ అయిన పాత కారుకైతే మొదటి ఓనరే అది కట్టేసి ఉంటాడు. కారు విలువలో తరుగు సంగతి చూడు. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికలో ఏడాది తిరక్కుండానే 15 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం. ఆ దెబ్బంతా వేరేవాళ్లు తిన్నాక మనం కొంటే తప్పేముంది?

నేను 2018 మోడల్ పెట్రోల్ సెడాన్ 2022లో మా కాలనీలోనే కొన్నాను. ఇప్పటికి 44 వేలు తిప్పాను. నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ, ముందు సస్పెన్షన్ బుష్‌లు, ఏసీ కూలింగ్ కాయిల్ మార్చాను. అన్నీ కలిపి 70 వేలు దాటలేదు.

టోలిచౌకి నుంచి:
సెకండ్ హ్యాండ్ అనగానే నాకు మా కారే గుర్తొస్తుంది, అందుకే రాస్తున్నాను. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన మన ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. మా వీధిలో నీళ్లు కారు స్టీరింగ్ దాకా వచ్చాయి, రెండు రోజులు దిగలేదు. రిపేరు ఖర్చు కారు విలువలో 75 శాతం దాటుతుందని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే బాగుచేయడం దండగ అని రాశారు. డబ్బు ఇచ్చారు, బండి తీసుకుపోయారు. మాకైతే నష్టం లేదు.

ఎనిమిది నెలల తర్వాత మా ఆడపడుచు వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. "వదినా, ఈ కారు చూశాం, మీ మోడలే కదా, ఎలా నడుస్తుంది?" అని. వెనక డోర్ లోపలి హ్యాండిల్ మీద మా బాబు స్కెచ్ పెన్నుతో గీసిన ఆకుపచ్చ గీత అలాగే ఉంది. అది మా కారే. కొత్త సీట్ కవర్లు వేశారు, అద్దంలా పాలిష్ చేశారు, "డాక్టర్ ఓనర్, నో యాక్సిడెంట్" అని ప్రకటన పెట్టారు. మేం చెప్పాం కాబట్టి వాళ్లు ఆగారు. ఇంకెవరో కొనే ఉంటారు కదా, అందులో ఎవరి పిల్లలు తిరుగుతున్నారో అని ఇప్పటికీ మనసు పీకుతుంది. బ్రదర్, మీ ఇంట్లో పెద్దావిడ, చిన్నపాప ఉన్నారు. చిన్నదైనా కొత్తదే తీసుకోండి.

మలక్‌పేట మెకానిక్:
అక్క చెప్పింది నిజం. ఆ వానకి మునిగిన బళ్లు తర్వాత రెండేళ్లు నా షెడ్డుకి వస్తూనే ఉన్నాయి. కానీ ఎంత కడిగినా మునిగిన బండి దొరికిపోతుంది. సీట్ బెల్టు చివరిదాకా బయటికి లాగండి. అమ్మేవాళ్లు కనిపించే మూరెడు కడుగుతారు, లోపల చుట్టుకున్న భాగంలో బురద చార అట్లాగే ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. సీటు ముందుకి జరిపి పట్టాల మీద తుప్పు ఉందేమో చూడండి. బానెట్ బోల్టుల మీద రంగు లేచిందంటే అక్కడ పానా పడిందన్నట్టే, ఎందుకు విప్పారో అడగాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1821 అంటే 2021లో 18వ వారం తయారీ. మీటరు తక్కువ చూపిస్తూ టైర్లు మాత్రం కొత్తవైతే, మీటరు వెనక్కి తిప్పారేమో అని ఆలోచించాల్సిందే.

కానీ అన్నా, మీరు చూసింది డీజిల్ బండి. 2020 ఏప్రిల్ నుంచి పొగ మీద వచ్చిన కొత్త రూల్ బీఎస్6 ప్రకారం చేసిన డీజిల్ బళ్లలో పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద ఆగకుండా కాసేపు పోవాలి. నిజాంపేట ట్రాఫిక్‌లో ఫస్టు, సెకండ్ గేర్ల మీద ఆసుపత్రికి వెళ్లొస్తే మసి పేరుకుని వార్నింగ్ లైటు వెలుగుతుంది. నెలకోసారి సూర్యాపేట పోతారు కాబట్టి కొంచెం నయం. అయినా మీ తిరుగుడికి డీజిల్ వద్దనే చెప్తా. పాతది తీసుకున్నా పెట్రోల్ చూడండి.

కూకట్‌పల్లి ఈవీ:
ఎలక్ట్రిక్ ఎందుకు చూడరు? 2026 డిసెంబర్ 31 దాకా రాష్ట్రంలో ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు.

బాచుపల్లి నాన్న:
చూశానండి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్‌కి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు.

బ్యాంకు పెద్దాయన:
ముప్పై ఏళ్లు లోన్ల సెక్షన్‌లో పనిచేశాను, డబ్బు వైపు నుంచి చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు చిన్న పెట్రోల్ కారుకి జీఎస్టీ 28, సెస్సు 1 శాతం ఉండేవి. అంటే అప్పుడు 8 లక్షలున్న కారు, తగ్గింపంతా మనకే ఇస్తే, సుమారు 7.32 లక్షలకి రావాలి. లైఫ్ ట్యాక్స్ కూడా ఆ ధర మీదే కాబట్టి అదీ కొంత దిగుతుంది. పాత కారు అమ్మేవాళ్లు మాత్రం తాము కొన్ననాటి బిల్లు చూపించి బేరం మొదలుపెడుతున్నారు. అది ఒప్పుకోకండి. అదే కారు కొత్తది ఈ రోజు ఎంతకి వస్తోందో కనుక్కుని, అక్కడి నుంచి కిందికి దిగండి. పాత కారు లోన్‌కి వడ్డీ కూడా ఎక్కువ పడుతుంది, గడువు తక్కువ ఇస్తారు. ఈఎంఐ పక్కపక్కన రాసుకుంటే గానీ తేడా తెలియదు.

కాగితాల దగ్గర అశ్రద్ధ చేయకండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు, పాత లోన్ ఉంటే అది తీరిందన్న బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35. 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని అడగాలి. క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనర్‌తోనే పోతుంది, మీకు రాదు. అమ్మేవాళ్లకీ ఒక మాట. ఆర్‌సీలో పేరు మారకపోతే, బండి ఎన్ని చేతులు మారినా ప్రమాద పరిహారం బాధ్యత ఆర్‌సీలో ఉన్న ఓనర్‌దేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. బండి ఇచ్చేశాం, డబ్బు తీసుకున్నాం అని ఊరుకోకూడదు.

సైనిక్‌పురి వాసి:
టోలిచౌకి మేడం, మీ కారు సంగతి చదివి నిజంగా బాధేసింది. కానీ ముక్కూమొహం తెలియని చోట కొంటే వచ్చే చిక్కు అది. నా కారు మొదటి ఓనర్ రోజూ వాకింగ్‌లో కనిపిస్తాడు. సర్వీస్ బిల్లులన్నీ ఫైలు చేసి ఇచ్చాడు. అలాంటి బండి దొరికితే వదులుకుని లక్షలు ఎక్కువ పెట్టడం ఎందుకంటున్నాను. మిగిలిన డబ్బు వాళ్ల అమ్మగారి వైద్యానికి ఉంటుంది.

టోలిచౌకి నుంచి:
మనకి కావలసిన వారంలోనే తెలిసినవాళ్ల బండి అమ్మకానికి వస్తుందా అండి? దొరికిన మీరు అదృష్టవంతులు. మిగతావాళ్లం యాప్‌లో ఫొటోలు చూసి వెళ్లేవాళ్లమే. ఇంకొకటి, అన్ని కార్లలోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచే. 2021 బండి తక్కువ ధర వేరియంట్ అయితే పక్క సీటుకి ఉందో లేదో చూసుకోవాలి. ఇప్పుడు చిన్న కార్లలోనూ ఆరు ఇస్తున్నారు. వైద్యం ఖర్చు గురించి అన్నారు కదా, ఇది కూడా అందులో లెక్కే.

బాచుపల్లి నాన్న:
ఆదివారం వెళ్లి చూసి వచ్చాం. అమ్మని, మా బావమరిదిని తీసుకెళ్లాను. మెకానిక్ అన్న చెప్పినట్టే బెల్టు చివరిదాకా లాగాను, శుభ్రంగా ఉంది. స్టెప్నీ గుంట కూడా పొడిగా ఉంది. మనసు కుదుటపడింది. టైర్లు చూస్తే నాలుగింటి మీదా 0924 అని ఉంది. 41 వేలు తిరిగిన బండికి, అంతకుముందే టైర్లన్నీ ఎందుకు మార్చారని అడిగితే సరైన జవాబు లేదు. బ్రేక్ పెడల్ రబ్బరు ఒక అంచున అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. సర్వీస్ రికార్డు తెప్పించమని పట్టుబట్టాం. 2023 జూలైలోనే 63 వేలు అని ఉంది. ఇంకేం మాట్లాడకుండా వచ్చేశాం.

రికార్డు రాకముందే ఇంకో విషయం తెలిసింది. అమ్మ ఆ బండి ఎక్కలేకపోయింది. డోర్ పైన పట్టీ పట్టుకుని, కుడికాలు రెండుసార్లు ఎత్తబోయి ఆగిపోయింది. నా వైపు చూసి "పర్లేదులే, అలవాటవుతుంది" అంది. పది రోజులుగా ట్యాక్స్, తరుగు, వడ్డీ అన్నీ లెక్కేశాను గానీ ఆ మెట్టు ఎత్తు చూడాలని నాకు తోచలేదు. తిరిగొస్తూ షోరూమ్‌కి వెళ్లాం. పైకప్పు ఎత్తుగా ఉండే చిన్న కారు ఒకటి చూపించారు. సీటు సరిగ్గా అమ్మ నడుం దగ్గరికి వచ్చింది. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు కాళ్లూ మెల్లగా లోపలికి తిప్పుకుంది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. పదివేలు కట్టి అదే బుక్ చేశాను.

సైనిక్‌పురి వాసి:
అమ్మగారి కోసమంటే కాదనను. అయినా నా మాట మారదు తమ్ముడూ. అదే మోడల్ పెట్రోల్, 2023 ఏప్రిల్ తర్వాతది అయితే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కి తగ్గట్టే తయారై ఉంటుంది. రెండేళ్లు తిరిగినది ఒకటి వెతికి చూడాల్సింది.

బాచుపల్లి నాన్న:
వెతకొచ్చు అన్నా. ఇంకో నాలుగు బళ్లు చూడాలి, నాలుగు రికార్డులు తెప్పించాలి. అమ్మకి ఈ నెల 14న అపాయింట్‌మెంట్ ఉంది, ఇంక క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబెట్టలేను.

మలక్‌పేట మెకానిక్:
మంచి పని చేశారు. రిజిస్ట్రేషన్ కాకముందే స్టాక్‌యార్డుకి పోయి బండి చూడండి. ఏడాది చివర కాబట్టి డిస్కౌంట్ ఇస్తారు గానీ తయారీ నెల అడిగి రాయించుకోండి. ఎప్పటి నుంచో ఎండలో పెట్టిన బండి అయితే వేరేది ఇమ్మనండి. టైర్ల మీద అంకెలు అక్కడ కూడా చూడాలి.