డోవెల్ చీలలా, పాకెట్ హోల్ స్క్రూలా: పుస్తకాల అలమరకు, టేకు బల్లకు ఏ జాయింటు?

ప్రశ్న (సాగరతీరం):

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. సెలవు రోజుల్లో ఇంట్లోనే చెక్కపని చేస్తుంటాను. ఇప్పుడు రెండు వస్తువులు చేయాలనుకుంటున్నాను. ఒకటి 18 మి.మీ. ప్లైవుడ్‌తో ఆరడుగుల పుస్తకాల అలమర, రెండోది మా అమ్మాయి చదువుకోవడానికి టేకు బల్ల. బల్ల కాళ్ళు 60 మి.మీ. చదరంగా ఉంటాయి, వాటిని కలిపే పట్టీల మందం 22 మి.మీ., వెడల్పు 90 మి.మీ. ఉలితో బెజ్జం తొలిచి కుసి కూర్చేటంత చేతివాటం నాకు ఇంకా రాలేదు కనుక డోవెల్ జిగ్ (రెండు చెక్కల్లోకి దిగే గుండ్రటి చెక్క చీలలకు బెజ్జాలు సరిగ్గా వేయడానికి వాడే సాధనం) గానీ, పాకెట్ హోల్ జిగ్ (స్క్రూ ఏటవాలుగా దిగేలా బెజ్జం వేయడానికి వాడే సాధనం) గానీ కొనాలి. రెండింటికీ ఒకేసారి డబ్బు పెట్టలేను. మా ఇల్లు సముద్రానికి దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. ఈ పరిస్థితిలో ఏది కొనమంటారు?

జవాబు (నల్లమద్ది):

రెండు వస్తువుల మీద పడే బలం ఒకే రకంగా ఉండదు కనుక వాటిని విడివిడిగా చూడడం మంచిది. అలమర మీద పుస్తకాల బరువు ఎప్పుడూ కిందికే పడుతుంది. పక్కకు ఊగకుండా దానిని నిలబెట్టేది మూలల్లోని జాయింటు కంటే వెనక కొట్టే 6 మి.మీ. ప్లైవుడ్ షీటే. ఆ షీటును చుట్టూ జిగురు పెట్టి బిగిస్తే అలమరకు మీరు ఏ జాయింటు వాడినా సరిపోతుంది. బల్ల సంగతి వేరు. పిల్లలు దానిని జరుపుతారు, అంచు మీద ఆనుకుంటారు, ఒక పక్క పట్టుకుని ఈడుస్తారు. అలా ఈడ్చిన ప్రతిసారీ కాలు ఒక మీటలా పనిచేసి, పట్టీ కలిసే చోటును విప్పదీయాలని చూస్తుంది.

పాకెట్ హోల్‌లో డ్రిల్ బిట్ సుమారు 15 డిగ్రీల వాలులో దిగుతుంది, స్క్రూ ఆ వాలులోనే రెండో చెక్కలోకి వెళ్ళి లాగి పట్టుకుంటుంది. స్థిరమైన బరువుకు ఆ పట్టు చాలినంత ఉంటుంది. అయితే అటూ ఇటూ ఊగే బలం ఏళ్ళ తరబడి పడితే స్క్రూ మరల చుట్టూ ఉన్న నార నలిగి, పట్టు వదులవుతుంది. డోవెల్ అయితే రెండు చెక్కల్లోనూ లోతుగా దిగి, తన ఒంటి పొడవునా జిగురుతో అతుక్కుంటుంది. పట్టీ చివర కోత ముఖం జిగురును పీల్చేసుకుంటుంది కనుక అక్కడ నేరుగా పూసిన జిగురుకు పెద్ద బలం రాదు. ఆ లోటును తీర్చేది డోవెలే. అందుకే బల్లకు డోవెల్ అంటాను. ఆ జిగ్‌తో అలమర కూడా చేయవచ్చు కాబట్టి, ఒక్కటే కొనాలంటే అదే కొనండి.

అలమరకు 8 మి.మీ. మందం, 30 మి.మీ. పొడవు ఉన్న డోవెళ్ళు తీసుకోండి. నిలువు పలకలో 12 మి.మీ. లోతు చాలు, అంతకు మించితే బిట్ అవతలికి పొడుచుకు వచ్చే ప్రమాదం ఉంది. అర (షెల్ఫ్) అంచులో 20 మి.మీ. తొలిస్తే అడుగున జిగురుకు రెండు మి.మీ. చోటు మిగులుతుంది. అన్నట్టు, పుస్తకాల బరువుకు అర మధ్యలో కుంగకుండా ఉండాలంటే దాని పొడవు 750 మి.మీ. దాటనివ్వకండి.

జవాబు (ఇంటిపనివాడు):

నల్లమద్ది గారు బల్ల గురించి చెప్పినదానితో ఏకీభవిస్తాను గానీ, అలమర విషయంలో పాకెట్ హోల్ సౌకర్యాన్ని తక్కువగా చూడకూడదని నా అభిప్రాయం. డోవెల్ పెట్టాక జిగురు ఆరేవరకు పొడవాటి క్లాంపులతో బిగించి ఉంచాలి. ఆరడుగుల అలమరకు అలాంటివి ఎన్ని కావాలో, వాటి ధర ఎంతవుతుందో కూడా లెక్కలో వేసుకోవాలి. పాకెట్ హోల్‌లో ఆ బిగింపు పని స్క్రూయే చేస్తుంది కనుక జిగురు తడిగా ఉండగానే తరువాతి అరకు వెళ్ళిపోవచ్చు.

అయితే బెజ్జం ఏ పలకకు వేస్తున్నామన్నది చాలా ముఖ్యం. బెజ్జాలను అరకు కింది ముఖాన వేసి, స్క్రూ నిలువు పలక ముఖంలోకి దిగేలా చూడాలి. తిరగేసి, నిలువు పలకకు బెజ్జం వేసి అర అంచులోకి స్క్రూ ఎక్కిస్తే ప్లైవుడ్ పొరలు విచ్చుకుంటాయి. 18 మి.మీ. ప్లైవుడ్‌కు పెద్ద మరలున్న 32 మి.మీ. స్క్రూలు, టేకు వంటి గట్టి కలపకు సన్న మరలున్నవి వాడాలి. మీరు సముద్రం దగ్గర ఉన్నారు కాబట్టి తుప్పు పట్టని పూత ఉన్నవో, స్టెయిన్‌లెస్ స్టీలువో అడిగి తీసుకోండి.

జవాబు (చేవకలప):

మా ఇంట్లో తాతల నాటి నుంచీ వడ్రంగమే. పాత తలుపుల కుసుల్లో అడ్డంగా కొట్టిన వెదురు చీలలు ఈనాటికీ కదలకుండా ఉండడం నేను చూశాను కనుక చెక్క చీల బలం మీద నాకు ఎలాంటి సందేహమూ లేదు. తేమ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. మీ ఊరి గాలికి డోవెళ్ళు ముందే ఉబ్బి బెజ్జంలో దూరవు. కొన్న వెంటనే మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, వాడే ముందు కాసేపు ఎండలో ఉంచండి. పొడిగా దిగిన చీల జిగురులోని తడికి ఉబ్బి బెజ్జాన్ని బిగబట్టేస్తుంది. నున్నటి డోవెళ్ళే దొరికితే కటింగ్ ప్లేయరు పళ్ళ మధ్య నొక్కి తిప్పండి, ఒంటి మీద గీతలు పడతాయి. లేకపోతే అడుగున చిక్కుకున్న జిగురుకు, గాలికి బయటికి దారి ఉండదు. టేకులో నూనె ఉంటుంది కనుక చిత్రిక పట్టిన రోజే జిగురు పూయడం మంచిది.

సాగరతీరం:

అందరికీ ధన్యవాదాలు. డోవెల్ జిగ్ కొంటాను, క్లాంపులు తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. ఒకే కాలికి రెండు వైపుల నుంచి పట్టీలు వస్తాయి కదా, లోపల డోవెళ్ళు ఒకదానికొకటి తగలవా?

నల్లమద్ది:

తగులుతాయి. పట్టీలు కాలి మధ్యకు వచ్చేలా పెడితే, 10 మి.మీ. డోవెల్ 25 మి.మీ. లోతు దాటగానే పక్క పట్టీ డోవెల్‌ను ఢీకొంటుంది. అందుకని ఒక పట్టీకి డోవెళ్ళను పై అంచు నుంచి 20, 60 మి.మీ. దగ్గర, రెండోదానికి 35, 75 మి.మీ. దగ్గర పెట్టండి. అప్పుడు కాలిలో 30 మి.మీ. వరకు దింపవచ్చు. పై పలకను మాత్రం పట్టీలకు జిగురుతో అతికించవద్దు. వానాకాలంలో వెడల్పాటి టేకు పలక అడ్డంగా కొద్దిగా పెరుగుతుంది కనుక, పొడవాటి గాడి బెజ్జాలు వేసి, అవి కదిలేటట్టుగా స్క్రూలు బిగించండి.