సోడియం అయాన్ వ్యాసార్థం 95 పికోమీటర్లా, 102 పికోమీటర్లా?

ప్రశ్న అడిగినవారు: బంకమట్టి టీచర్

పల్లెటూరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పరమాణువుల పరిమాణాలు పిల్లల చేతికి తెలియాలని చెరువు నుంచి బంకమట్టి తెప్పించి ఉండలు చేయించాను. 100 పికోమీటర్లకు (పికోమీటరంటే మీటరులో లక్షకోట్లవ వంతు) ఒక సెంటీమీటరు లెక్క. వ్యాసార్థం సోడియం పరమాణువుకు 186, దాని అయాన్‌కు, అంటే ఒక ఎలక్ట్రాన్ పోయిన రూపానికి, 95; క్లోరిన్ పరమాణువుకు 99, ఒక ఎలక్ట్రాన్ చేరిన క్లోరైడ్ అయాన్‌కు 181. స్కేలు పెట్టి కొలుచుకుంటూ చక్కగా చేశారు.

చివర్లో ఒక అమ్మాయి చెరో చేతిలో క్లోరిన్ ఉండ, క్లోరైడ్ ఉండ పట్టుకుని లేచింది. "టీచర్, దీనికి దానికన్నా ఆరింతల మట్టి పట్టింది. పదిహేడు ఎలక్ట్రాన్లు ఉన్నచోట పద్దెనిమిది అయ్యాయి, అంతే కదా. ఒక్కదానికి ఆరింతలు ఎందుకు పెరగాలి?" 181ని 99తో భాగించి ఘనం చేసి చూశాను. ఆరే వచ్చింది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయని చెప్పాను గానీ ఆ జవాబుతో నాకే తృప్తి కలగలేదు. ఇంటికి వచ్చి ఇంకో పుస్తకం తీస్తే అందులో సోడియం అయాన్ 102 అని ఉంది. ఏది నమ్మాలి? సోమవారం ఆ పిల్లకు జవాబు చెప్పాలి.

జవాబు: స్ఫటికం

టీచర్ గారూ, ముందు ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ఎక్స్ కిరణాల ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళకు పైగా స్ఫటికాలు కొలిచాను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా వ్యాసార్థం కొలవలేదు. మాకు దొరికేది ఒక పరమాణువు నడిమి నుంచి పక్కదాని నడిమికి ఉన్న దూరమే. ఎలక్ట్రాన్ మేఘానికి గట్టు ఉండదు, పోనుపోను పలచబడుతుంది. వ్యాసార్థం అంటే ఆ దూరంలో మనం ఒక్కోదానికి పంచి ఇచ్చిన వాటా. అందుకే పట్టికలో అంకె కనిపించగానే, ఇది దేనికీ దేనికీ మధ్య దూరంలో వాటా అని అడగాలి.

క్లోరిన్‌కు 99 ఎలా వచ్చింది? క్లోరిన్ అణువులో రెండు కేంద్రకాల మధ్య దూరం సుమారు 199. అందులో సగం. అక్కడ రెండు పరమాణువులూ ఎలక్ట్రాన్ జంటను పంచుకుని ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటాయి. బంధం లేకుండా ఊరికే ఆనుకున్న క్లోరిన్ల మధ్య చూస్తే ఒక్కోదాని వాటా సుమారు 175. దాన్నే వాండర్‌వాల్స్ వ్యాసార్థం అంటాం. క్లోరైడ్ అయాన్‌కు ఇచ్చిన 181 కూడా ఇలా ఆనుకుని ఉన్నప్పటి కొలతే. 175 ఉండను 181 చేయడానికి పదోవంతు మట్టి కలిపితే చాలు. చొచ్చుకుపోయిన క్లోరిన్‌ను ఆనుకున్న క్లోరైడ్‌తో పోల్చినందువల్లే ఆరింతలు వచ్చింది. ఈ మాట చెప్పకుండా రెండు అంకెలనూ ఒకే వరుసలో అచ్చువేయడం నన్ను ఎన్నో ఏళ్ళుగా బాధపెడుతోంది.

సోడియం సంగతి వేరు. 186 అన్నది లోహంలో పక్కపక్క పరమాణువుల మధ్య ఉన్న 372లో సగం. ఇక్కడా కొలత మారింది గానీ, అయాన్ కుంచించుకుపోవడం మాత్రం నిజం. బయటి కర్పరంలో ఉన్నది ఒకే ఎలక్ట్రాన్. అది పోతే ఆ కర్పరమే ఖాళీ. మిగిలిన పదింటిని పదకొండు ప్రోటాన్లు దగ్గరకు లాక్కుంటాయి.

ఇక 95, 102. రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ 1927లో సోడియం ఫ్లోరైడ్‌లోని 231 దూరాన్ని తీసుకున్నారు. రెండు అయాన్లలోనూ ఎలక్ట్రాన్లు పదే కాబట్టి, కేంద్రకాలు లాగే బలాన్ని బట్టి దాన్ని సోడియంకు 95గా, ఫ్లోరైడ్‌కు 136గా పంచారు. షానన్ అనే శాస్త్రవేత్త 1976లో ఎన్నో స్ఫటికాల దూరాలను సరిపోల్చి, చుట్టూ ఉన్న పొరుగు అయాన్ల సంఖ్యను బట్టి విడివిడిగా విలువలు ఇచ్చారు. సోడియంకు ఆరుగురు పొరుగువారుంటే 102, ఎనిమిది మంది ఉంటే 118. ఉప్పులో ఆరు క్లోరైడ్లు ఉంటాయి, కొలిచిన దూరం 282. 102కు 181 కలిపితే 283, 95కు కలిపితే 276. ఉప్పుకు నేనైతే 102 వాడతాను.

ఆ 282ను మీ పిల్లలే రాబట్టగలరు. రాళ్ళ ఉప్పు తూచి నూనెలో ముంచి ఘనపరిమాణం చూడండి (నీళ్ళయితే కరిగిపోతుంది). దాన్నిబట్టి 58.44 గ్రాముల ఉప్పుకు ఎంత చోటు కావాలో కట్టండి. అందులో సోడియం అయాన్లు 6.022 × 10²³, క్లోరైడ్లు కూడా అన్నే. చదరంగం గళ్ళలా ఒకటి విడిచి ఒకటిగా అవి ఘనాల్లో పేర్చి ఉంటాయని బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లో చూపించారు. కాబట్టి ఒక్కో అయాన్‌కు వచ్చే చోటుకు ఘనమూలం కడితే దూరం వస్తుంది.

జవాబు: నాడి

శరీరధర్మశాస్త్రం చెబుతాను, ఒక్క మాట కలుపుతాను. వాటాలు మనం పంచినవే అయినా తేడాలు మనం కల్పించినవి కావు. షానన్ లెక్కలోనే పొటాషియం అయాన్ 138, సోడియం 102. నాడీకణం పొరలోని పొటాషియం ద్వారం పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపుతుంది! ఆ ఇరుకులో ఆక్సిజన్ పరమాణువులు పొటాషియంను ఎనిమిది వైపుల నుంచి పట్టుకునేంత దూరంలో ఉంటాయి. నీళ్ళను వదిలి వచ్చినా పొటాషియంకు లోటు ఉండదు. సోడియంకు అవి సరిగా అందవు, అందుకని అది తన చుట్టూ ఉన్న నీటి అణువులను వదలదు. రాడరిక్ మెకిన్నన్ బృందం 1998లో ఈ నిర్మాణాన్ని ఎక్స్ కిరణాలతోనే చూసింది. ఆయనకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

బంకమట్టి టీచర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. సోమవారం చేశాం. 50 గ్రాముల రాళ్ళ ఉప్పు వేస్తే కొలజాడీలో వేరుశనగ నూనె 60 మిల్లీలీటర్ల నుంచి 84కు పెరిగింది. గరుకు రాళ్ళను పట్టుకుని గాలిబుడగలు వేలాడుతుంటే ఒక అబ్బాయి చీపురుపుల్లతో ఓపికగా వదిలించాడు. బల్ల మీద సుద్దముక్కతో లెక్క కట్టుకుంటూ పోతే చివరికి 286 వచ్చింది. మళ్ళీ మొదటినుంచి కట్టించారు నాచేత. మళ్ళీ 286.

ప్రశ్న అడిగిన అమ్మాయి ఈలోగా ఒకటిముప్పావు సెంటీమీటర్ల వ్యాసార్థంతో రెండు కొత్త ఉండలు చేసింది. రెండింటి నడిమికీ చెరో అగ్గిపుల్ల గుచ్చి, పుల్లల మధ్య రెండు సెంటీమీటర్లు వచ్చేదాకా ఒకదానిలోకి ఒకటి నొక్కింది. పక్కకు పొంగిన మట్టిని బ్లేడుతో తీసేసి, "ఇదిగో టీచర్, క్లోరిన్ అణువు" అంది. కిటికీ దగ్గర ఆరబెట్టాం.