ఖిలా వరంగల్‌లో సగం రోజు: ఏమి చూడాలి?

కరీంనగర్ బాటసారి:
ఆదివారం మా అమ్మతో, ఇద్దరు పిల్లలతో కోటకు వస్తున్నాము. పోయినసారి తోరణాల దగ్గర పచ్చికలో కూర్చుని, ఫొటోలు తీసుకుని తిరిగి వెళ్లిపోయాము. ఈసారి పిల్లలకు విడమరిచి చెప్పాలని ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

శివనగర్ వాసి:
నాలుగు తోరణాలను విడివిడిగా చూడకండి. అవి మధ్యన ఉండిన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కుల ద్వారాలు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్న తరువాత గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. వాటిలో ఒకదాని రూపమే 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో ఉంది. తోరణం కింద నిలబడి తలెత్తితే అడ్డదూలానికి వేలాడే రాతి తామరమొగ్గలు, పైన రెండు కొసల్లో హంసలు కనిపిస్తాయి. అయితే నా మనసంతా పచ్చికలో పేర్చి ఉన్న గుడి శకలాల మీదే ఉంటుంది. మా నాయనమ్మ నన్ను ఒక విరిగిన నల్లరాతి స్తంభం ముందు కూర్చోబెట్టి దాని మీది సన్నని గీతలను లెక్కపెట్టమనేది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ నునుపు ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. ఏడు గంటలకల్లా రండి.

హనుమకొండ ఉపాధ్యాయిని:
పక్కనే ఉన్న ఖుష్ మహల్‌ను వదలకండి. పదహారో శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని వాడుకలో ఉన్నా, ఏటవాలు గోడలను బట్టి అది అంతకు ముందటి ఢిల్లీ తుగ్లక్ సుల్తానుల కాలపు కట్టడమని చరిత్రకారులు భావిస్తారు. పైకి మెట్లు ఎక్కవలసి ఉంటుంది కాబట్టి అమ్మగారిని కిందనే, విగ్రహాలు ఉంచిన చల్లని హాలులో కూర్చోబెట్టండి.

మట్టికోట తమ్ముడు:
అక్క చెప్పినవాటితో పాటు మట్టికోటను కూడా చూపించండి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన రాతికోటను చేరే ముందు దాటవలసి వచ్చింది ఈ మట్టిగోడనే. ఆ పక్కనున్న అగడ్తలో తిని పారేసిన ప్లేట్లు తేలడం చూసి గత నెల చాలా బాధపడ్డాను. మీ సంచిలో ఒక ఖాళీ కవరు పెట్టుకోండి.

కరీంనగర్ బాటసారి:
వెళ్లి వచ్చాము. ఏకశిల గుట్టను చూపి, ఓరుగల్లు అంటే ఒంటి రాయి అని చెప్పగానే చిన్నవాడు ఊరి పేరును రెండుగా విరిచి పలికాడు. స్తంభం గీతలు లెక్కపెడుతూ అమ్మ మాత్రం గంటసేపు అక్కడి నుంచి లేవలేదు.