"కాసాబ్లాంకా"లో ఆ ఒక్క డైలాగు తెలుగులో: "నిన్ను చూసుకునే, పిల్లా"

నిన్న గ్రూపులో అడిగిన ప్రశ్న వదల్లేదు నన్ను, రాత్రి మళ్ళీ సినిమా పెట్టుకుని చూశాను. 1942లో మైకేల్ కర్టిజ్ తీసిన ఆ నలుపు తెలుపు సినిమాలో రిక్ (హంఫ్రీ బోగార్ట్) ఇల్సాతో (ఇంగ్రిడ్ బెర్గ్‌మన్) అనే "హియర్స్ లుకింగ్ అట్ యూ, కిడ్"ని మనం ఎలా అంటాం అని కదా. అసలది ఇంగ్లీషులో ఉత్తినే "నిన్ను చూస్తున్నా" కాదండీ, గ్లాసు ఎత్తి అవతలివాళ్ళ మేలు కోరుతూ అనే మాట, మనం చీర్స్ అనేస్తాం చూడండి అలాంటిది. గ్లాసెత్తి అనడానికి మనకి సొంత మాట లేదు, చిక్కంతా అక్కడే.

రిక్, ఇల్సా పారిస్‌లో ప్రేమించుకుని విడిపోతారు, తర్వాత ఆమె మొగుడితో కలిసి కాసాబ్లాంకాకి వస్తే అక్కడ మళ్ళీ ఎదురుపడతారు. సినిమాలో ఈ మాట నాలుగుసార్లు వస్తుంది. పారిస్‌లో రెండుసార్లు, రెండుసార్లూ చేతిలో శాంపేన్ ఉంది. రెండోసారైతే జర్మన్లు ఊళ్ళోకి వచ్చేస్తున్నారు, వాళ్ళకి చుక్క దక్కనివ్వకూడదని ఉన్న సీసాలన్నీ ఖాళీ చేస్తున్నారు, బార్ ఓనరైతే తోటకి పోస్తాను గానీ వాళ్ళకివ్వనన్నాడట. మూడోసారి కాసాబ్లాంకా ఊళ్ళో (మొరాకోలో ఉంది), రాత్రి రిక్ గదిలో, ఏది మంచో నాకు తెలీట్లేదు ఇద్దరి గురించీ నువ్వే ఆలోచించు అని ఆమె అన్నాక. నాలుగోది ఎయిర్‌పోర్టులో, పొగమంచులో, ఆమెని మొగుడితో లిస్బన్ విమానం ఎక్కించే ముందు. ఆమె తల దించుకుని ఏడుస్తుంటే గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తి అంటాడు. ఇక్కడ గ్లాసు లేదు, చూపొక్కటే మిగిలింది. చీర్స్ లాంటి మాట కాస్తా నిజంగా చూడటం అయిపోతుంది, నాకు ప్రతిసారీ గొంతు పట్టేసేది అక్కడే.

అందుకే "నిన్నే చూస్తున్నా పిల్లా" అన్నది పారిస్‌లో అతకదు, ఊరికే గుడ్లప్పగించి చూస్తున్నట్టుంటుంది. జర్మన్ డబ్బింగులో "నీ కళ్ళలోకి చూస్తున్నా" అన్న అర్థంలో పెట్టారు, అందులో చూపు ఉంది గానీ గ్లాసు పోయింది. గ్రూపులో ఒకరు "నీ పేరు చెప్పుకుని" అన్నారు, అది నాకు చాలా నచ్చింది, తాగడానికీ సరిపోతుంది తర్వాత బతకడానికీ సరిపోతుంది, కానీ "మీ పేరు చెప్పుకుని బతుకుతా బాబూ" అని చెయ్యి చాచినట్టు వినిపిస్తుంది, రిక్ చెయ్యి చాచే మనిషి కాదు.

నాకు తోచింది "నిన్ను చూసుకునే, పిల్లా". ఎవర్ని చూసుకుని నీకీ ధైర్యం అంటాం కదా, ఆ చూసుకోవడం. పారిస్‌లో అంటే "ఈ తాగుడు, ఈ సంతోషం నిన్ను చూసుకునే" అని. ఎయిర్‌పోర్టులో అంటే "ఇకమీదట బతికేది నిన్ను చూసుకునే" అని. క్రియ చెప్పక్కర్లేదు, ఎదుటి మనిషే పూరించుకుంటుంది, పైగా చూపు ఎక్కడికీ పోలేదు.

గ్రూపులో ఒకరు అడిగారు — పిల్లా అంటే కొంచెం మొరటుగా లేదూ? బుజ్జీ అంటే సరిపోదా అండీ?

బుజ్జీ అంటే గారం ఎక్కువైపోతుందండీ, రిక్ గారం చేసే రకం కాదు. పిల్లా అన్నది గొంతుని బట్టి మారే మాట, గట్టిగా అంటే తిట్టు, మెల్లగా అంటే జానపదాల్లో బావ పిలిచే పిలుపు. ఇంకోటి, పారిస్‌లో వాళ్ళిద్దరూ ఒకరి గతం ఒకరు అడక్కూడదనుకున్నారు, ఆమెకి పెళ్ళయిందని కూడా అతనికి తెలీదు. ఆ రోజుల నుంచి అతని దగ్గర మిగిలిన పిలుపు అది, ఎయిర్‌పోర్టులో మొగుడి పక్కకి పంపించేటప్పుడు కూడా అదే పిలుస్తాడు. అందుకని నాలుగుచోట్లా పిల్లా అనే ఉంచాలి, చివర్లో ఇల్సా అని మార్చకూడదు.